ఆరాధన పని, అంబదాస్ తాళం

ఒకామె ఏళ్ల తరబడి వంట చేస్తుంటే, తిన్నవాళ్లు చేయి కడుక్కుని వడ్డించినవాణ్ణి మెచ్చుకుని పోతుంటే, ఆ వంటామె కడుపు ఎట్లా మండుతుంది? కరీంనగర్‌లో ఆ కంపెనీలో ఆరాధన కడుపు అట్లానే మండేది. మండినా పైకి పొగ రానిచ్చేది కాదు.

ఆమెది ఖానాపూర్. తండ్రి సీమోను సామిల్లులో కట్టెలు కోసి కోసి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. తల్లి ప్రేమమ్మ హాస్టల్ పిల్లలకు వండిపెట్టి కూతుర్ని ఇంజనీరింగ్ దాకా చదివించింది. ఆరాధన కరీంనగర్‌లోనే చదివి, అక్కడే పనిలో చేరి, ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే ఎబినేజర్‌ను పెళ్లాడి అక్కడే ఉండిపోయింది. మాట తక్కువ, పని ఎక్కువ. అట్లాంటి మనిషిని చూస్తే లోకానికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది, ఏమన్నా పడుతుందిలే అని.

కంపెనీ యజమాని కరుణాకర్. జిన్నింగ్ మిల్లుల్లో పత్తి ట్రాక్టర్లను తూచే పెద్ద కాంటాలుంటాయి కదా, వాటిని నడిపే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి మిల్లులకు ఇస్తాడు. రాసేవాళ్లు ఆరుగురు. వాళ్లందరి మీదా పెద్ద అంబదాస్. ఎందుకు పెద్ద అంటే కరుణాకర్‌కు బామ్మర్ది గనుక. అంతకుమించిన చదువు ఇంకేముంటుంది?

ప్రోగ్రాం అంటే ఒకసారి రాసి అటక మీద పెట్టేది కాదు. ఇవాళ ఒకరు ఒక ముక్క మారుస్తారు, రేపు ఇంకొకరు రెండు ముక్కలు చేరుస్తారు. ఎవరు ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నది ఎక్కడో గుర్తు పెట్టుకోకపోతే ఆరుగురి చేతుల్లో పడి అది గంగలో కలుస్తుంది. ఆ గుర్తు పెట్టే ఏర్పాటును వాళ్లు వెర్షన్ కంట్రోల్ అంటారు. అది రెండు రకాలు. పాత రకంలో అంతా ఒకేచోట ఉంటుంది. నడిమధ్యన ఒక సర్వర్, అదే ఇల్లు, అదే గాదె. ఎవరైనా అక్కడికే పోయి తీసుకోవాలి, మార్చింది అక్కడికే తెచ్చి పెట్టాలి. నెట్‌వర్క్ లేకుంటే పెట్టేది లేదు. కొత్త రకంలో, దాన్నే గిట్ అంటారు, పనిచేసే ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం ప్రోగ్రాం ఉంటుంది, మొదటినుంచి జరిగిన మార్పుల చరిత్రతో సహా. అడవిలో ఉన్నా, గుట్ట మీద ఉన్నా ఎవరి పని వాళ్లు వాళ్ల పేరుతో తమ దగ్గరే నమోదు చేసుకుంటారు. నెట్‌వర్క్ దొరికినప్పుడు ఒకరిది ఒకరు తీసుకుని కలుపుకుంటారు.

ఈ కంపెనీలో పాత రకమే ఉండేది. పాతదైతే అయింది, దానికి అంబదాస్ మరో సొగసు చేర్చాడు. సర్వర్లో పెట్టే అధికారం ఒక్క అతని లాగిన్‌కే ఉంచాడు. అందరూ చూడొచ్చు, పెట్టేది మాత్రం అతనే. ఆరాధన నాలుగు రోజులు తల పగలగొట్టుకుని రాసింది అతనికి పంపిస్తే, అతను తీరిగ్గా టీ తాగి ఒక్క మీట నొక్కి లోపల పెట్టేవాడు. నమోదులో పడేది అంబదాస్ పేరు. సర్వర్ తెరిచి చూస్తే పైనుంచి కిందిదాకా అంబదాస్, అంబదాస్, అంబదాస్. మిల్లు సేట్లు చూసి, ఒక్క మనిషి ఇంత పని ఎట్లా చేస్తాడయ్యా అని నోరు వెళ్లబెట్టేవాళ్లు. అతను తల వంచుకుని సిగ్గుపడేవాడు. ఆ సిగ్గు పడాల్సిన చోట పడి ఉంటే ఎంత బాగుండేది.

దీనికి తోడు తాళం. ఒక ఫైలు మీద తాను పనిచేస్తున్నప్పుడు ఇంకెవరూ దాన్ని మార్చకుండా సర్వర్లో తాళం వేయొచ్చు. వేసినవాడే తీయాలి. అంబదాస్ తాళాలు వేయడంలో ఆరితేరాడు, తీయడం అంతగా పట్టుబడలేదు.

దసరా వెళ్లాక, పత్తి ఇంకా మార్కెట్‌కు రాకముందు, ఆరాధన ధైర్యం చేసి అందరూ కూర్చున్నప్పుడు మాట ఎత్తింది. కొత్త రకానికి మారదామంది. మనవాళ్లు సగం రోజులు నెట్‌వర్క్ లేని మిల్లుల్లో ఉంటారు, అక్కడ చేసిన పని అక్కడే భద్రంగా నమోదు కావాలంటే ఇదే దారి అని చెప్పింది. దానిలో కష్టమేమీ లేదని మాత్రం అబద్ధమాడలేదు. అలేఖ్య అని ఆమె పక్క సీటు పిల్ల, ప్రోగ్రాంలో ఇద్దరం ఒకే వరుసను రెండు తీర్లుగా మారిస్తే ఏమవుతుంది అక్కా అని అడిగింది. అప్పుడు అది కలవదు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏది ఉంచాలో తేల్చుకోవాలి, మొదట్లో విసుగొస్తుంది అని ఆరాధన ఉన్నది ఉన్నట్టే చెప్పింది. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుందనీ చెప్పింది.

కరుణాకర్‌కు అర్థమయ్యేట్టు చెప్పాలని తమ ఊరి సంగతి ఎత్తింది. ఖానాపూర్ మెథడిస్టు చర్చి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుని పేరున వేరే కుండలో వేస్తారు. పొద్దున వేసిన పిడికెడును పొద్దున్నే పట్టుకుని చర్చికి ఉరకరు. ఎవరింట్లో వాళ్లు దాచి ఆదివారం తెచ్చి కలుపుతారు. కలిపే ముందు ఒకామె చేటలో పోసి రాళ్లుంటే ఏరుతుంది. చర్చి తలుపు తాళం ఉన్నంత మాత్రాన ఎవరింట్లోనూ పిడికెడు ఆగదు. కొత్త పద్ధతీ అంతే అంది ఆరాధన. పైగా చర్చి బియ్యం కలిస్తే ఎవరివో తెలియవు, ఇక్కడ ప్రతి గింజ మీదా పేరుంటుంది అంది.

కరుణాకర్ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేకపోతే ఈ కథే లేదు.

"మీ చర్చి బియ్యం పోతే పిడికెడు పోతయ్ ఆరాధనా. నాది పోతే కంపెనీయే పోతది. అందరి చేతులల్ల అంతా పెట్టి, రేపు ఒకరు పక్క కంపెనీల చేరితే నేనేం చెయ్యాలె? తాళం ఒక్కటే ఉండాలె, ఒక్క చేతులనే ఉండాలె."

"ఆ ఒక్క చెయ్యే పోతే, సార్?"

"అంబదాస్ నా ఇంటి మనిషి."

"మరి మేమెవరి ఇంటి మనుషులం సార్?" అని ఆమె అడిగింది. మెల్లగానే అడిగింది. అందరూ ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. పాత పద్ధతే మంచిదని తేలిపోయింది. చూడబోతే అక్కడ తూచింది రెండు పద్ధతులను కాదు. ఎవరిని నమ్మొచ్చు, ఎవరిని నమ్మకూడదు అన్నది తూచారు, ఆ కాంటా ముల్లు ముందే వంగి ఉంది.

కంపెనీ ఆరాధనకిచ్చిన ల్యాప్‌టాప్‌లోనే కొత్త పద్ధతిని తనవరకు పెట్టుకుంది. తను చేసిన ప్రతి మార్పునూ రోజూ అందులో తన పేరుతో నమోదు చేసుకుని, ఆ తర్వాతే అంబదాస్‌కు పంపేది. ఎవరి సొమ్మూ ఎటూ పోలేదు. కంపెనీ పని కంపెనీ పెట్టెలోనే ఉంది, కాకపోతే చేసిన మనిషి పేరుతో ఉంది.

సమ్మక్క జాతర వచ్చింది. పత్తి చివరి ఏరుళ్ల కాలం. కంపెనీ కంపెనీ అంతా మేడారం కదిలింది. మిల్లుల నుంచి ఫోన్లు వస్తే చూసుకోవడానికి ఆరాధనను ఉంచారు. నువ్వెట్లాగూ జాతరకు రావు కదా అన్నారు. నిజమే, ఆమె జాతరకు పోదు. మరి క్రిస్మస్ నాడు పత్తి సీజన్ అని సెలవియ్యకుండా కూర్చోబెట్టినప్పుడు ఈ మతం లెక్క ఎక్కడ పోయిందో. పోయేముందు అంబదాస్ తూకం లెక్క కట్టే ఫైలు మీద సగం పని చేసి, తాళం వేసి, సమ్మక్కకు నిలువెత్తు బెల్లం తూచి ఇవ్వడానికి బయలుదేరాడు. దేవతకిచ్చే తూకం మీద ఉన్న శ్రద్ధ రైతు తూకం మీద ఉంటే సమ్మక్కే మెచ్చుకునేది.

మర్నాడే జైనూర్ అవతలి మిల్లు నుంచి పిలుపొచ్చింది. కాంటా తప్పు చూపిస్తోందని రైతులు గొడవ పడుతున్నారు, మనిషిని పంపమని. ఆరాధన ఖానాపూర్ మీదుగా ఉట్నూరు దాటి ఆ గుట్టల్లోకి పోయేసరికి మిల్లు ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి. అందరికంటే ముందు కొమురెల్లి అనే నడివయసు రైతు కాంటా గది గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉన్నాడు. చేలో పత్తి ఏరే కూలీలకు కిలో లెక్కన ఇస్తారు గనుక ఏ రోజు పత్తి ఆ రోజు చేలోనే తూస్తారు. కాబట్టి తన ట్రాలీలో ఎంత ఉందో అతనికి తెలుసు. కాంటా అందులో బాగా తక్కువ చూపించింది.

"నా ఇంటిది నడుములిరగ ఏరింది బిడ్డా. గీ డబ్బ తిన్నదా నా పత్తి?" అని కంప్యూటర్ వైపు వేలు చూపించాడు.

ఆరాధన కూర్చుని చూసింది. పత్తి ట్రాక్టర్‌ను మొదట నిండుగా తూస్తారు, దించాక ఖాళీగా తూస్తారు, తేడా పత్తి బరువు. ఈ రెండింటి మధ్య కరెంటు పోతే, తిరిగి వచ్చాక ఆ ప్రోగ్రాం ఖాళీ బండిని తూచేవరకు ఆగడం లేదు. అదే ట్రాక్టర్ పోయినసారి వచ్చినప్పటి ఖాళీ బరువును తెచ్చి పెట్టేసుకుంటోంది. వరస ఆగకుండా నడవాలని అంబదాస్ వేసిన ఎత్తు అది. కొమురెల్లి పోయినసారి బరువైన ఇనుప ట్రాలీతో వచ్చాడు, ఈసారి తేలికైనది కిరాయికి తెచ్చాడు. ఆ ఇనుము బరువంతా అతని పత్తిలోంచి పోయింది. జైనూర్‌లో కరెంటు పోవడం ఎంత మామూలో కరీంనగర్ ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది. ఎద్దు పుండు కాకికి నొప్పా?

బాగుచేయడం పెద్ద పని కాదు. పాత బరువు తీసుకోవద్దు, మళ్లీ తూచమని అడుగు, అంతే. కానీ ఆ ఫైలు మీద తాళం ఉంది. అంబదాస్ ఫోన్ కలవలేదు. జాతరలో లక్షల మంది మధ్య ఎవరి ఫోన్ కలుస్తుంది? మిల్లు వెనక గుట్ట ఎక్కితే ఒక బండ మీద కాస్త సిగ్నల్ అందింది. కరుణాకర్ దొరికాడు. అంబదాస్ వచ్చేదాకా దాన్ని ముట్టవద్దన్నాడు. ట్రాక్టర్లు ఆగిపోయాయి సార్ అంటే, తూకం ఆపకుండా నడిపించమన్నాడు. తప్పని తెలిసి ఎట్లా నడిపించాలో చెప్పకముందే సిగ్నల్ పోయింది.

ఆరాధన బండ దిగి వచ్చి మిల్లు కంప్యూటర్‌లోనే ఆ లెక్క సరిచేసింది. తన ల్యాప్‌టాప్‌లో తన పేరుతో, ఎందుకు మార్చిందో ఒక వాక్యం రాసి నమోదు చేసుకుంది. జరిగిందంతా అంబదాస్‌కు వాట్సాప్‌లో రాసి పెట్టింది, ఎప్పుడు అందితే అప్పుడు చూస్తాడని. కొమురెల్లి ఖాళీ ట్రాలీని మళ్లీ ఎక్కించి తూచారు. లెక్క కలిసింది. అతను కాంటా చీటీ మీద అంకెను రెండుసార్లు చదివించుకుని, మడిచి రుమాల్లో కట్టుకుని పోయాడు. మెచ్చుకోలు ఏమీ లేదు. తన పత్తి తనకు వచ్చినందుకు ఎవరికైనా ఎందుకు దండం పెట్టాలి?

జాతర నుంచి అంబదాస్ వచ్చాడు. జాతర బెల్లాన్ని బంగారమే అంటారు, దాన్ని ఆఫీసంతా పంచాడు, ఆరాధన టేబుల్ మీదా ఒక ముద్ద పెట్టాడు. ఆమె పంపిన వాట్సాప్ మాత్రం చదవలేదు. తీరిగ్గా తాళం తీసి, తాను సగం చేసి వదిలిన పనిని పూర్తిచేసి, సర్వర్లో పెట్టి, అన్ని మిల్లులకూ అప్‌డేట్ పంపించాడు. జైనూర్ మిల్లుకూ పోయింది. అక్కడ ఆరాధన సరిచేసిన లెక్క మీద పాత తప్పు మళ్లీ వచ్చి కూర్చుంది. సర్వర్లో ఆమె మార్పు లేనే లేదు గనుక, పోయిందని చెప్పే దిక్కు కూడా లేదు.

రెండోసారి కరెంటు పోయింది. ఈసారి కొమురెల్లి ఒక్కడిదే కాదు, పోయినసారి బరువు ట్రాలీ కట్టి ఆ పూట తేలికది తెచ్చిన చాలామంది పత్తి తగ్గింది. రైతులు మిల్లు గేటు మూసి అడ్డంగా ట్రాక్టర్లు పెట్టారు. సేటు కరుణాకర్‌కు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఆఫీసులో నలుగురికీ వినిపించాయి.

కరుణాకర్ అందర్నీ గదిలోకి పిలిచాడు. జైనూర్ కంప్యూటర్‌ను ముట్టింది ఎవరు అని అడిగాడు. అంబదాస్ ఆరాధన వైపు చూశాడు. వద్దన్నా ముట్టిన చెయ్యి ఆమెది గనుక చెడగొట్టింది కూడా ఆమేనని తీర్పయిపోయింది. సర్వర్ తెరిచి చూపించారు. అందులో ఆమె చేసిన బాగు లేదు, అంబదాస్ పేరుతో నిఖార్సయిన పని మాత్రం ఉంది. ఎల్లుండి నువ్వు నాతో జైనూర్ వచ్చి, తప్పు నాదేనని రైతుల ముందు ఒప్పుకోవాలి, లేకుంటే ఇంటికి పోవచ్చు అన్నాడు కరుణాకర్.

ఇక దాచడంలో అర్థం లేదని ఆరాధన ల్యాప్‌టాప్ తెరిచి వాళ్ల వైపు తిప్పింది. ఏ పూట ఏం మార్చిందో, అంబదాస్ పంపిన అప్‌డేట్ దాన్ని ఎట్లా తుడిచేసిందో పక్కపక్కన పెట్టి చూపించింది. గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది. కానీ కరుణాకర్ చూసింది ఆ లెక్కను కాదు.

"అంటే మొత్తం ప్రోగ్రాం నీ పెట్టెల ఉన్నదా? నేను వద్దన్నంక గూడ? ఇది దొంగతనం గాదా?"

"పెట్టె కంపెనీది సార్. పని కంపెనీది. పేరొక్కటే నాది."

"దొంగ పనే ఇది," అన్నాడు కరుణాకర్ అందరి ముందూ. అంబదాస్ కిటికీలోంచి బయటికి చూశాడు. అలేఖ్య తల వంచుకుంది.

చూశారా న్యాయం. నోరు మూసుకుంటే చెడగొట్టింది, నోరు తెరిస్తే దొంగ. ఒకరి పనినంతా ఏళ్ల తరబడి తన పేరున వేసుకున్నవాడు ఇంటి మనిషి. తన పని మీద తన పేరు రాసుకున్నది దొంగ.

మరుసటి రోజు ఆరాధన బస్సులో ఖానాపూర్ పోయింది. కరుణాకర్ పొద్దున కారులో వచ్చి అక్కణ్నుంచి జైనూర్ తీసుకుపోతానన్నాడు. ఎబినేజర్ ఫోన్లో ఆ ఉద్యోగం వదిలేయమన్నాడు. వదిలేస్తే దొంగ అన్న మాట వెంటే వస్తుంది కదా అంది ఆమె. ప్రేమమ్మ జొన్నరొట్టె చేస్తూ అంతా విన్నది. ఆరాధన మెల్లగా, ఒక్కమాట ఒప్పుకుంటే పని నిలబడుతుందేమో అవ్వా అని తల్లితో అంది. ప్రేమమ్మ రొట్టె తిప్పింది.

"చేసిన తప్పులు ఒప్పుకోవటానికే నా మోకాళ్లు అరిగినయ్ బిడ్డా. చెయ్యనియి గూడ ఒప్పుకుంట పోతే ఎన్ని మోకాళ్లు సరిపోతయ్?"

ఆ తర్వాత ఆమె రొట్టెలోకి పచ్చిపులుసు పోసింది.

జైనూర్ మిల్లు దగ్గర రైతులు గుంపుగా నిలబడి ఉన్నారు. సేటు కుర్చీలు వేయించాడు. కరుణాకర్ కూర్చోకుండానే మొదలుపెట్టాడు, చేతులు జోడించి, మా అమ్మాయి తెలియక ఒక పొరపాటు చేసింది, మీరంతా పెద్ద మనసుతో, అంటూ. పెద్ద మనసు ఎప్పుడూ పత్తి పోగొట్టుకున్నవాడికే ఉండాలి మరి. నువ్వు చెప్పు అన్నట్టు ఆరాధన వైపు తిరిగాడు.

ఆరాధన, మొదటిసారి తప్పును తాను సరిచేశానని, కంపెనీ నుంచి వచ్చిన అప్‌డేట్ ఆ సరిచేసిన దాన్ని తుడిచేసిందని, కంపెనీలో ఎవరి పని ఎవరిదో తెలిసే ఏర్పాటు లేదని, అందుకే ఇట్లా జరిగిందని చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. తప్పు తనదని మాత్రం అనలేదు. కరుణాకర్ మొహం మాడిపోయింది.

ఆమె అనుకుంది, ఇప్పుడు ఈ రైతులైనా తన పక్కన మాట్లాడతారని. కొమురెల్లి ముందుకొచ్చాడు.

"నువ్వు చేసినవో ఇంకొకడు చేసిండో నాకెందుకు బిడ్డా. నా పత్తి నాకు రావాలె, గంతే. ఇయ్యాల నువ్వు సాపు చేస్తవ్. రేపు మళ్ల మీవోడు తుడిస్తే?"

ఆమెకు చురుక్కుమంది. తన పేరు, తన మానం అని రెండు రాత్రులుగా కుమిలిపోతోంది, ఈయనకు అదేమీ పట్టలేదు. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం అదొక్కటే. అందరూ కరుణాకర్ వైపు చూశారు. అతను ఫికర్ చేయకండి, నేనున్నాను కదా అన్నాడు. నువ్వు మొన్న గూడ ఉన్నవ్ కదా సారు అన్నాడు కొమురెల్లి. గుంపులో కొందరు నవ్వారు.

సేటుకు అర్థమైంది. అతను వ్యాపారి, అతనికి పద్ధతుల పేర్లు అక్కర్లేదు. ఈమె కన్ను పడకుండా వచ్చే ఏ అప్‌డేట్‌నూ నా మిల్లు కంప్యూటర్‌లోకి రానివ్వను, అది మీకు కుదరదంటే వేరే కంపెనీని చూసుకుంటాను అని కరుణాకర్ ముఖాన చెప్పేశాడు. ఆరాధన కూర్చుని లెక్క మళ్లీ సరిచేసింది. తగ్గిన బండ్లన్నిటినీ సాయంత్రం దాకా ఒక్కొక్కటే ఎక్కించి ఖాళీగా తూయించింది. సేటు చీటీలు మార్చి ఇచ్చాడు. గేటుకు అడ్డంగా ఉన్న ట్రాక్టర్లు తీశారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఉట్నూరు దాటారు. అప్పుడు కరుణాకర్ రోడ్డు మీదే చూపు పెట్టి, సరే, నీ పద్ధతే పెడదాం అన్నాడు. కానీ సర్వర్లో ఉన్న ప్రోగ్రాంను అంబదాస్ తన చేత్తో కొత్తదాంట్లో పెడతాడు, అక్కణ్నుంచి అందరూ మొదలుపెట్టండి అన్నాడు. వినడానికి ఎంత ముద్దుగా ఉంది. అట్లా పెడితే ఇన్నేళ్ల పనీ ఒక్క ముద్దగా, ఒక్క అంబదాస్ పేరున కొత్త చరిత్రలో మొదటి పేజీ అవుతుంది. కరుణాకర్‌కు అది తెలిసి అన్నాడో తెలియక అన్నాడో, ఆరాధనకు మాత్రం తెలుసు. అట్లా వద్దు సార్, నా దగ్గరున్న దాని నుంచే మొదలుపెట్టాలి అంది. చూద్దాం అన్నాడు అతను.

సోమవారం అంబదాస్ తనది తయారుచేసి పెట్టి, అందరూ ఇక్కణ్నుంచి తీసుకోండి అన్నాడు. ఆ పక్కన ఆరాధనది కూడా ఉంది. ఇక్కడ కొత్త పద్ధతిలో అసలు కిటుకు ఒకటి బయటపడింది. పాతదాంట్లో నడిమధ్య సర్వర్ ఒక్కటే, అదెవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం. కొత్తదాంట్లో మధ్య అనేది ఎక్కడా పుట్టుకతో లేదు. పనిచేసేవాళ్లు ఎవరి దాన్ని నమ్మి తీసుకుంటే అదే మధ్య. చట్టం కాదు, ఒప్పందం.

అలేఖ్య లేచి ఆరాధన టేబుల్ దగ్గరికి వచ్చింది. జైనూర్ తప్పు సరిచేసింది ఎవరి దాంట్లో ఉంది అక్కా అని అడిగింది, తెలిసే అడిగింది. తన దాంట్లోనే ఉందంది ఆరాధన. అలేఖ్య అక్కణ్నుంచే తీసుకుంది. ఆమె వెనక మిగతావాళ్లూ తీసుకున్నారు. అంత ధైర్యం ఆనాడు గదిలో తల వంచుకున్నప్పుడు ఉంటే ఇంకా బాగుండేది గానీ, వచ్చిందే చాలు. అంబదాస్ తన బావ గదిలోకి పోయి చాలాసేపు ఉన్నాడు. బయటికొచ్చాక అతనూ ఆమె దాంట్లోంచే తీసుకోవాల్సి వచ్చింది. జైనూర్ సేటు మాట అట్లాంటిది.

అంతా సర్దుకుందనుకున్నారు. కరుణాకర్ గది నుంచి వచ్చి, ఇక అందరూ కలిసి పని చూసుకోండి, జరిగిందేదో జరిగింది అన్నాడు. ఆరాధన కుర్చీలోంచి లేచింది. ఒక మాట మిగిలిపోయింది సార్ అంది. దేని గురించో అందరికీ తెలుసు. అతను చేయి ఊపాడు.

"ఇగ వదిలెయ్ అమ్మా. కోపంల అన్న."

"కోపంల అన్నరు, అందరి ముందట అన్నరు. తీసుడు గూడ అందరి ముందటనే తియ్యాలె సార్. గప్పటిదాంక నేను కూసోను."

ఆమె నిజంగానే కూర్చోలేదు. టీ వచ్చింది, చల్లారింది. ఎవరి కీబోర్డూ టకటకలాడలేదు. కరుణాకర్ లోపలికి పోబోయాడు, ఆగాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. చివరికి తలుపు దగ్గర నిలబడి, నేలను చూస్తూ, ఆరాధన దొంగ కాదు, నేను అట్లా అనకుండా ఉండాల్సింది అని గొణిగాడు.

"అంబదాస్‌కు వినవడలే సార్," అంది ఆరాధన. "జర గట్టిగ అనుండ్రి."

కరుణాకర్ గట్టిగా అన్నాడు. అప్పుడు కూర్చుంది.